ఎంగిలి గరిటె

గుడ్డ మీద కథల బొమ్మలు రాసే మద్దికుంట నకాశీ వాడలో స్వరూప వాళ్ళింట, ఏటా కొత్త పని మొదలుపెట్టే రోజున మొదటి ముద్ద తినేది మనుషులు కాదు, పటం. అటక మీంచి తల్లి పటాన్ని దించి, వసారాలో బోర్లా పరిచి, చింతగింజల గంజిని వెనకవైపు మెత్తటి గుడ్డతో ఒక్క పూత పూస్తారు. ఆ తరవాతే మిగతా గుడ్డలకి గంజి, ఆ తరవాతే ఇంట్లోవాళ్ళకి అన్నం. కొత్త గుడ్డలకి పట్టించే గంజినైతే సుద్దమట్టి, జిగురు కలిపి మళ్ళీ కుతకుతా ఉడికించి వేడిగా పూస్తారు. తల్లి పటం పాతది, వేడి తగిలితే రంగు లేస్తుంది. అందుకని దానికి మాత్రం కుండలో చల్లారి ఉన్న గంజే. ఈ తేడా చిన్నదే, కానీ జరిగిందంతా దీనివల్లే జరిగింది.

ముప్పై రెండు మూరల పటం అది. స్వరూప భర్త భాస్కర్‌కి ముత్తాత అయిన వీరభద్రయ్య రాసింది. కథ చెప్పేవాళ్ళు ఊరూరా విప్పి పాడే పటాలన్నీ దాన్ని చూసి రాసినవే కాబట్టి తల్లి పటమన్నారు. ఇంటికి ఎవరొచ్చినా భాస్కర్ దాన్ని ఒక జానెడు విప్పి చూపించేవాడు.

"ఇండ్ల సూదిమొనంత గూడ ఫ్యాక్టరీ రంగు లేదు సారూ. అంత రాయి, మన్ను, చెట్టు. ఈ నీలం జూసిన్రా? మా ముత్తాత నీలి ఆకు నానబెట్టి తీసిండు. ఇసొంటి నీలం ఇప్పుడు దేవునికి గూడ దొరకది."

దేవుడి సంగతేమో గానీ, భాస్కర్‌కి ఈ మాట చెప్పే అవకాశం వారానికి రెండుసార్లయినా దొరికేది. అతని గీత కంటే మాట బాగుంటుందని వాడలో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో గీత స్వరూపది. అత్తగారు రాజవ్వ పక్కన ఇరవై ఏళ్ళు కూర్చుని నేర్చుకున్నది.

రాజవ్వకి కుంచె మొనని పెదాలతో సవరించుకునే అలవాటుండేది. తల్లి పటంలో ఎక్కడైనా బొమ్మల పెదవులు, బొట్లు మాసిపోతే సిందూరంతో దిద్దేది, దిద్దిన ప్రతిసారీ కుంచెని నోట్లో పెట్టుకునేది. యాభై ఆరో ఏట చేతులు వణకడం మొదలైంది. యాభై ఎనిమిదో ఏట పోయింది. ఒంటినిండా సీసం ఉందన్నారు డాక్టర్లు. అప్పటికి ఆమె కూతురు హరిణి వరంగల్‌లో డిగ్రీ చదువుతోంది. తల్లిని సాగనంపి తిరిగి వెళ్ళిన పిల్ల ఇంకో పదేళ్ళు సూక్ష్మజీవుల చదువే చదివింది. రంగు గిన్నెలో విషాన్ని ఏరిపారేసే, కంటికి కనబడని పురుగు ఒకటి కావాలని ఆ పిల్ల పట్టుదల.

ఆ పురుగు ఊరికి వచ్చింది కూడా గడ్డుకాలంలోనే. వాడలో పదకొండు ఇళ్ళు. పటాలు అడిగేవాళ్ళు తగ్గి, అందరూ గోడకి తగిలించే ముఖాల బొమ్మలు చేసి ఫ్యాక్టరీ రంగులు వేయడం మొదలుపెట్టాక, కుంచెలు కడిగిన నీళ్ళూ టర్పెంటైనూ కలిసి మురికికాలవలో పడి దిగువ పొలాల్లోకి పోయేవి. ఒక ఏడాది ఆ పొలాల వడ్లలో రంగుల విషం తేలి, పరీక్షలో నిలవలేదు. దసరా తరవాత రంగునీళ్ళు ఒక్క చుక్క గోడ దాటినా కుంచెలు కింద పెట్టాల్సిందేనని అధికారులు నోటీసు అంటించి పోయారు.

హరిణి తన పురుగున్న సీసా పట్టుకుని దిగింది.

"వదినె, ఆ కుడితి గోలెం కడుగు."

బర్రెని అమ్మేశాక ఆ మట్టి గోలెం మూలన బోర్లా పడి ఉంది. స్వరూప కడిగి పెట్టింది. హరిణి అందులో ఇంట్లో ఉన్న రంగునీళ్ళన్నీ పోసి, ఎండిన డబ్బాలు గీకి వేసి, టర్పెంటైను వంచి, పైన తన సీసా ఒంపింది. మూడోరోజు పొద్దున చూస్తే పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున రంగులు దేని వరుసలో అది పేరుకున్నాయి, బరువుది కింద, తేలికది పైన. హరిణి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని గటగటా తాగేసింది. భాస్కర్ గ్లాసు లాక్కోబోయాడు.

"ఏం గాదన్నా. దీనికి రంగు అక్కర్లే. రంగును పట్టి ఉంచే జిగురు, నూనె, ప్లాస్టిక్కు, అవే దీని తిండి. అవి తిని రంగు ఊసేస్తది. ఆ రంగును మళ్ళ వాడుకోవచ్చు. గని ఒక్కటి యాది పెట్టుకోండ్రి. పటంల గూడ జిగురే ఉంటది. కుంచెను గోలెంల కడిగినంక ఉడుకు నీళ్ళల్ల ముంచకుండ పటం మీద పెట్టొద్దు. ఉడుకుకు ఇది చస్తది."

ఇంతా చేసి హరిణి ముఖంలో సంతోషం లేదు. ల్యాబులో స్టీలు తొట్లలో పెంచిన పురుగు ఏది పెట్టినా పది రోజులకి చచ్చిపోతోంది. రెండేళ్ళుగా అదే గొడవ. ఇదీ పదిరోజుల ముచ్చటే అనుకుంటూ వెళ్ళింది. పదకొండో రోజు చచ్చిన నీళ్ళు తీసుకుపోదామని వస్తే గోలెం నిక్షేపంలా ఉంది, వచ్చిన రంగునల్లా కూర్చుని తింటోంది.

"ఏం జేసినవ్ వదినె?"

"ఏం జేస్త? రంగులే తిని ఎట్ల బతుకుతది పాపం అని రోజూ పొద్దుమూకంగ గరిటెడు గంజి పోసిన."

హరిణి గోలెం పక్కనే కూలబడింది. నవ్విందో ఏడ్చిందో స్వరూపకి తెలియలేదు. రెండేళ్ళు ఎనిమిది మంది సైంటిస్టులు వెతికినది చింతగింజల గంజిలో దొరికింది. ఆ సంగతి రాసి ప్రపంచానికి చెప్పినప్పుడు హరిణి తన పేరు పక్కన వదిన పేరు కూడా పెట్టింది. దసరాలోపు పదకొండిళ్ళలో పదకొండు గోలేలు లేచాయి. పెరుగుకి తోడు అడిగినట్టే గిన్నెలు పట్టుకొచ్చి స్వరూప గోలెంలోంచి తోడు పట్టుకుపోయారు. నోటీసు ఊడింది. దిగువ పొలాల వడ్లు మరుసటి ఏడు నిలిచాయి. స్వరూప వాడలోంచి నడిచి వెళ్తుంటే తల కొంచెం ఎత్తుగానే ఉండేది. ఉంటే తప్పేముంది, చేసిన పని అలాంటిది.

ఆ గర్వానికి సరిగ్గా ఏడాదిన్నర ఆయుష్షు.

*

కొత్త పని మొదలుపెట్టి, తల్లి పటానికి గంజి పూసి, పది రోజులైంది. ఒక ఏనుగు కాలు ఎలా మడిచారో చూసుకుందామని స్వరూప పటాన్ని దించి విప్పింది. ఒళ్ళో తెల్లటి పొడి రాలింది. పిండి జల్లెడ పట్టినట్టు రాలుతూనే ఉంది. వెనక్కి తిప్పి వేలితో తాకితే సుద్ద పూత పొడైపోయి గుడ్డ దారాలు కనిపించాయి. ముందువైపు ఏనుగు ఇంకా ఉంది గానీ దాని కింద నిలబెట్టే పొర లేదు.

పొద్దున ఫోను చేస్తే మధ్యాహ్నం బ్యాటరీ బస్సుకి హరిణి వచ్చింది. చిటికెడు పొడి తీసి, అరచేతిలో పట్టేంత యంత్రంలో పెట్టి చూసింది.

"మన గోలెం పురుగే. పటం లోపల గంజిని తింటున్నది. ఇదెట్ల వచ్చింది? కుంచెలు ఉడుకు నీళ్ళల్ల ముంచుతలేరా?"

"ఒక్కనాడు గూడ తప్పలే," అన్నాడు భాస్కర్. అది నిజమే.

గుడ్డలు చూశారు, చేతులు చూశారు, అటక చూశారు. ఎక్కడా ఏమీ తేలలేదు. అలా వెతుకుతుండగానే పొద్దు వాలింది. స్వరూప లేచింది. మనసు ఎక్కడో ఉన్నా చేతులకి వేళ తెలుసు. గంజి కుండలో గరిటె ముంచి, గోలెం దగ్గరికి వెళ్ళి ఒంపింది. గరిటె అంచు నీళ్ళకి తగిలింది. అంటుకున్న గంజి పోవడానికి గోలెంలోనే ఒకసారి జాడించి, మళ్ళీ కుండలో పెట్టబోయింది.

హరిణి ఆమె మణికట్టు పట్టుకుంది.

ముగ్గురూ ఆ గరిటె వంక చూశారు. దాని అంచు నుంచి ఒక చుక్క నేల మీద పడింది.

"ఎంగిలి," అంది స్వరూప. ఇంకెవరూ అనక ముందే తనే అంది.

ఆ ఇంట్లో ఎంగిలి విషయంలో స్వరూపంత పట్టింపు ఇంకెవరికీ లేదు. విస్తట్లో తగిలిన గరిటె మళ్ళీ పచ్చడి జాడీలో పెట్టాడని ఒకసారి భాస్కర్‌ని తిట్టిన తిట్లు పక్కింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. జాడీడు పచ్చడీ పెంటలో పోసింది ఆరోజు. అలాంటి మనిషి ఏడాదిన్నరపాటు ప్రతి సాయంత్రం గోలెంలో ముంచిన గరిటెని గంజి కుండలో పెట్టింది. ఆకలి ఉందని తెలిసి తిండి పెట్టింది గానీ, దానికి నోరుందని ఆమెకి తట్టలేదు. కుండని పూర్తిగా ఖాళీ చేయడం వాళ్ళ అలవాటు కాదు, చిక్కదనం కోసం పాత గంజి కొంత ఉంచి చల్లార్చిన కొత్తది కలుపుతారు. అలా పురుగు కుండలో మెల్లమెల్లగా కాపురం పెట్టింది; కిందటేడు పటానికి పూసేనాటికి ఇంకా కుదురుకోలేదు, ఈ ఏడు కుదురుకుంది. కొత్త పటాలకి వెళ్ళిన గంజి మళ్ళీ ఉడికింది కాబట్టి అవి బతికాయి. చల్లటి గంజి తిన్నది ఇంటి మొత్తానికి ఒక్కటే పటం. అందరికంటే ముందు, ఎంతో భక్తిగా, తన చేత్తోనే పెట్టింది.

భాస్కర్ లేచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది స్వరూపకి.

*

మర్నాడు స్వరూప హరిణి వెంట వరంగల్ వెళ్ళింది. అక్కడ ల్యాబు కింది అంతస్తులో చలిగది ఉంది. హరిణి మందపాటి తలుపు తెరిచి ఒక స్టీలు గొట్టం చూపించింది. పటాన్ని చుట్టి అందులో పెడితే పట్టేటట్టుంది.

"ఇండ్ల పెడితే పురుగు నిద్రపోతది వదినె. వందేండ్లయినా పటం గట్లనే ఉంటది."

"విప్పొచ్చునా?"

"విప్పితే పురుగు లేస్తది. విప్పరాదు."

"మరి సంపే మందు లేదా?"

హరిణి తల దించుకుంది. "బతికిచ్చెతందుకే రెండేండ్లు తిరిగినం. సంపెతందుకు ఎవ్వలం తిరగలే. ఇప్పుడు మొదలుపెట్టినం, ఎన్నాళ్ళు పడ్తదో తెల్వది. వేడి పెడితే చస్తది, గని రంగులు గూడ లేస్తయి. తప్పు నాది వదినె. కుంచె గురించి చెప్పిన, గరిటె గురించి చెప్పలే."

"నువ్వు గరిటె పట్టి ఎన్నేండ్లాయె, నీకేం తెలుస్తది," అంది స్వరూప. "గరిటె నాది."

ఆమె గొట్టం అంచుని చేత్తో తడిమింది. చల్లగా కొరికింది. ముప్పై రెండు మూరల బొమ్మలు, పెళ్ళిళ్ళు, పులివేటలు, బావి తవ్వే ఆడవాళ్ళు, అన్నీ చీకట్లో చుట్ట చుట్టుకుని వందేళ్ళు పడుకుంటాయి. ఎవరూ చూడరు, ఎవరూ పాడరు.

"విప్పని పటం పటమెట్లయితది హరిణీ? ఎన్ని దినాలున్నయి?"

"ఇరవై. మస్తయితే ఇరవై రెండు."

"సాలు. నేను రాస్త."

ఒక్క మూర పటం గీసి రంగులు నింపడానికి మూడు రోజులు పడుతుందని హరిణికి తెలుసు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లే కదా. లెక్క చెప్పబోయి వదిన ముఖం చూసి ఊరుకుంది.

ఊరికి తిరిగి వచ్చాక స్వరూప ముందు కుంచె పట్టుకోలేదు. ఆ గరిటె పట్టుకుని వాడలో మిగతా పదిళ్ళకీ వెళ్ళింది. తలుపు తట్టి, గరిటె చూపించి, తను ఏం చేసిందో దాచకుండా చెప్పింది. "మీ గోలెం గరిటె వేరే పెట్టుకోండ్రి. ఉన్న గంజి ఉడికిచ్చి పారబొయ్యిండ్రి. మా తల్లి పటం పోయింది, నా చేతులనే పోయింది." ఏడాదిన్నర తల ఎత్తుకుని నడిచిన వాడలోనే ఆ మాట పదిసార్లు చెప్పాలి. మొదటి ఇంట్లో సగం చెప్పి ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి నిలకడగా చెప్పగలిగింది. ఆరిళ్ళలో అదే గరిటె, అదే పొరపాటు. ఆ ఆరుగురూ తలుపు దగ్గరే నిలబడి ఆమె చేయి పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న పదిళ్ళ నుంచీ మనుషులు వచ్చారు, కుంచెలతో, పీటలతో, తమ గోలేల అడుగున పేరుకున్న రంగుల గిన్నెలతో. ఏడాదిన్నరగా కడిగిన కుంచెల నీళ్ళలోంచి తిరిగి వచ్చిన రంగులు అవి. ముప్పై రెండు మూరలకీ సరిపోతాయి. బయటి నుంచి చిటికెడు రంగు తేనక్కర్లేదు.

భాస్కర్ అప్పటికి రెండు రోజులుగా అరుగు మీద కూర్చునే ఉన్నాడు. రంగు గిన్నెలు చూసి మొదటిసారి నోరు తెరిచాడు.

"తల్లి పటానికి ఎంగిలి రంగులా? అవన్ని ఫ్యాక్టరీ రంగులు. మా ముత్తాత రాయి అరగదీసిండు."

"ఎంగిలి జేసింది నేను, రంగు జెయ్యలే," అంది స్వరూప. "ఈ రంగు మన పొలాలల్లకి పోకుండ ఆపినం. ఇంతకంటె మంచి రంగు యాడ తెస్తవ్? వచ్చి జాజు నింపు. నింపుడు నీకు మంచిగొస్తది."

నింపడం బాగా వస్తుందన్న మాట ఎత్తిపొడుపో మెచ్చుకోలో తేల్చుకోలేక భాస్కర్ లేచి వచ్చాడు. నేల మీద మోకాళ్ళూని బొమ్మల వెనక ఎర్ర జాజు నింపడం మొదలుపెట్టాడు. ఆ తరవాత పంతొమ్మిది రోజులు భోజనానికి తప్ప లేవలేదు.

పటం విప్పి పాడే సాయన్న కూడా వచ్చి గడపలో కూర్చున్నాడు. డెబ్భై దాటినా గొంతు తగ్గని మనిషి. స్వరూప మూరకి మూర పాత పటాన్ని విప్పుతుంటే, విప్పిన భాగం ఆ పూటకే రాలిపోయేది. ఒకసారి చూసి, రెండోసారి చూసే లోపల బొమ్మ ఉండేది కాదు. హరిణి చెప్పిన గడువుకంటే ముందే, పదిహేనో రోజుకి చివరి ఏడు మూరలు చుట్టలోనే పొడైపోయాయి. ఆమె కుంచె పట్టుకుని ఖాళీ గుడ్డ ముందు కూర్చుండిపోయింది.

"ఎందుకాగినవ్ బిడ్డా?" అన్నాడు సాయన్న.

"ఈడ ఏముండెనో కనబడ్తలేదే తాతా."

"నువ్వు కండ్లతోని జూసినవ్. నేను నోటితోని జూసిన. ఇను." ఆయన పాట ఎత్తుకున్నాడు. నీళ్ళు పడని బావి దగ్గర ఏడుగురు అక్కచెల్లెళ్ళు, ఎడమ చేతిలో పలుగు పట్టుకున్న ఆఖరి పిల్ల, పాదం మీద పాకుతున్న తేలు. పాటలో తేలు దగ్గరికి వచ్చేసరికి స్వరూపకి ఆ పాదం గుర్తుకొచ్చింది. తేలు తోక ఎటు తిరిగిందో కూడా గుర్తొచ్చింది. కుంచె దించింది. వెనక్కి చూడకుండా ఏడు మూరలూ గీసింది. ఆ గీత ఎక్కడా వణకలేదు. ఎవరో రాసి కొడుకులకీ కోడళ్ళకీ వదిలిన గీతని చూసి దిద్దుతున్నాననుకునేది ఇన్నాళ్ళూ. అది తన చేతిలోనే ఉందని ఆ మధ్యాహ్నం తెలిసింది.

*

ఇరవై ఒకటో రోజుకి కళ్ళు తప్ప పటం మొత్తం పూర్తయింది. కళ్ళు ఆఖరున పెట్టాలి. పాడేవాడు ఎదురుగా ఉండగా పెట్టాలి. అంతకంటే ముందు పాత పటాన్ని నీళ్ళలో కలపాలి. ఈ ఆచారం వాడ పుట్టినప్పటి నుంచీ ఉంది.

"నదిల కలపాలె," అన్నాడు భాస్కర్.

"వద్దన్నా. పురుగుంది దాంట్ల. దిగువ ఎవరింట్ల ఏ పటం ఉన్నదో మనకు తెల్వది," అంది హరిణి. ఆమె ముందురోజే వచ్చింది.

అందరూ సాయన్న వంక చూశారు. ఆయన మీసం దువ్వుకున్నాడు. "నీళ్ళల్ల కలపాలన్నరు గని, ఏ నీళ్ళల్లనో ఎవ్వలు చెప్పలే. గీ గోలెంల నీళ్ళు నేను రోజు తాగుతున్న. నది నీళ్ళు తాగి ఎన్నేండ్లాయెనో."

స్వరూప పసుపు కుంకుమలు పెట్టి, పొడైన పటాన్ని, ఆ పొడి పట్టిన దుప్పటితో సహా, అడుగు రంగులన్నీ ముందే తీసేసిన గోలెంలోకి దించింది. పైన గంజి పోసింది, కొత్త గరిటెతో. గోలెం పక్కన గోడకి ఎర్ర దారంతో కట్టి వేలాడదీసిన గరిటె అది, ఇంకే కుండలోకీ వెళ్ళదు.

మూడు రోజులకి నీళ్ళు తేరాయి. హరిణి పొడవాటి గాజు గొట్టం దించి, అడుగు నుంచి పైదాకా పొరలు చెదరకుండా పైకి తీసింది. ఎండలో పట్టుకుంటే అన్నీ వరుసగా కనిపించాయి. అన్నిటికంటే పైన నల్లటి దీపపు మసి. దాని కింద నీలం. దాని కింద శంఖు తెలుపు, పేవుడి పసుపు, జాజు.

హరిణి నీలం దగ్గర ఆగింది. ఒకసారి అన్న ముఖం చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు సందేహించింది.

"అన్నా, నీలి ఆకు రంగు తేలిక. అదైతే మసి మీద తేలాలె. ఇది కిందికి దిగింది." వేలిమీద రవ్వంత రాసుకుని యంత్రంలో పెట్టింది. "ఇది ఫ్యాక్టరీదే. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు. ఆ కాలంల సంతల పొట్లాలు అమ్మేటోళ్ళు."

నలభై ఏళ్ళ ఉపన్యాసం భాస్కర్ గొంతులోనే ఉండిపోయింది. అతని ముఖం చూసి స్వరూపకి జాలి వేసింది, నవ్వూ వచ్చింది. సాయన్న మాత్రం దాచుకోలేదు, కడుపు పట్టుకుని నవ్వాడు.

"అరే భాస్కరూ, మీ ముత్తాత ధోవతికి పెట్టుకునే నీలిమందు దేవుని ఒంటికి పెట్టిండురా. దొరికిన దాంట్ల అందం తీసిండు. అసలు పనోడు."

భాస్కర్ కాసేపు గాజు గొట్టంలోని నీలం వంకే చూశాడు. తరవాత కొత్త పటం దగ్గరికి వెళ్ళి, గోలేల రంగుతో తను నింపిన ఎరుపు వంక చూశాడు. "అయితే ముత్తాత గూడ గిట్లనే జేసిండన్నట్టు," అన్నాడు నెమ్మదిగా. అతని ముఖంలోకి వెలుగు తిరిగి వచ్చింది. ఇకమీదట వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలో అప్పుడే కూర్చుకుంటున్నాడని స్వరూపకి అర్థమైంది.

హరిణి గొట్టాన్ని దించలేదు. దాని అడుగుకొసన, జాజు కింద, ఇంకో పొర ఉంది. నారింజ కలిసిన ఎరుపు, గోరు మందం కూడా లేదు.

"ఇదేంది?" అన్నాడు భాస్కర్.

"సిందూరం," అంది హరిణి. "సీసం. అన్నిటికంటె బరువు." గొట్టం మీద ఆ పొరకి వేలు ఆనించింది. "అమ్మ దిద్దింది. పెదవులకు, బొట్లకు. ఆమె నాలుక మీదికి పోంగ పటం మీద మిగిలింది ఇంత."

స్వరూప ఆమె భుజం మీద చేయి వేసింది. ఇద్దరికీ కళ్ళు నిండాయి, ఇద్దరూ తుడుచుకోలేదు. ఎవరి ఒంట్లోంచి ఆ విషాన్ని తీయలేకపోయారో ఆమె చేతి పని లోంచి ఇవాళ తీశారు. ఆలస్యంగానైనా తీశారు. హరిణి ఆ పొరని ఒక్కదాన్నే చిన్న సీసాలోకి దించి, మూత బిగించి, మైనం అంటించి, పైన చీటీ మీద తల్లి పేరు రాసింది.

"దీన్ని ఎవ్వలు వాడొద్దు. ల్యాబుల నా బల్ల మీద పెట్టుకుంట," అంది.

మిగిలిన రంగుల్లోంచి స్వరూప పైనున్న నల్లటి మసి తీసుకుంది. వీరభద్రయ్య దీపాల మసి. శంఖు తెలుపు తీసుకుంది. రెండు చిప్పల్లో జిగురు కలిపింది. కుంచెని గోలెంలో కడిగి, ఉడుకు నీళ్ళలో ముంచి, మొనని పెదాల దాకా తీసుకెళ్ళి ఆగి, తడిగుడ్డ మీద సవరించుకుంది. మొదటి బొమ్మ దగ్గర కూర్చుంది. ముందు తెలుపు, మధ్యలో నలుపు. ఏనుగు చూసింది. పెళ్ళికూతురు చూసింది. బావి దగ్గర ఏడుగురూ ఒకరి తరవాత ఒకరు చూశారు. మూడు వందల పన్నెండు కళ్ళు. సాయంత్రం నాలుగింటికి ఆఖరి కన్ను, పాదం మీద తేలు పాకుతున్న చిన్నపిల్లది, తెరుచుకుంది. వాడంతా వసారాలోనూ వాకిట్లోనూ నిలబడి ఉంది.

సాయన్న లేచి కండువా సర్దుకున్నాడు. పటం విప్పినప్పుడల్లా తల్లి పటం రాసిన చేతి పేరు చెప్పి మొదలుపెట్టాలి. నాలుగు తరాలుగా అది వీరభద్రయ్య పేరు. ఆయన నోరు తెరవబోయి ఆగాడు.

"పేరు మారాలె గదా. ఏమని చెప్పాలె బిడ్డా?"

స్వరూప కుంచె కింద పెట్టి లేచి నిలబడింది. ఆ క్షణాన ఎవరో ఒకరు తన పేరు వద్దంటారేమోనని ఇరవై నాలుగు రోజులుగా భయపడింది. ఇప్పుడు ఆ భయం లేదు.

"నా పేరే చెప్పు. రాజవ్వ కోడలు స్వరూప రాసిందని చెప్పు. అంతట్ల ఆగకు తాతా. పాత పటానికి ఎంగిలి గంజి పెట్టి పోగొట్టింది గూడ ఈమెనే అని చెప్పు. గోలెం గరిటె వేరే, కుండ గరిటె వేరే అని చెప్పు. ఏ ఊర్ల పటం విప్పితె ఆ ఊర్ల చెప్పు. నువ్వు చెప్పకపోతె ఇంకొకలింట్ల గిట్లనే అయితది."

"తప్పు గూడ పాడమంటవా?"

"తప్పు పాడకపోతె నా పేరు గూడ పాడకు."

సాయన్న తల ఊపాడు. చిడతలు అందుకున్నాడు. రాజవ్వ కోడలు స్వరూప అని ఎత్తుకుని, ఎంగిలి గరిటె దగ్గర గొంతు తగ్గించకుండా, పాత పటం పోయిన తీరూ కొత్త పటం లేచిన తీరూ అక్కడికక్కడే కట్టి పాడాడు. వాడలో ఆరిళ్ళవాళ్ళు ఆ చరణం దగ్గర తల దించుకున్నారు. స్వరూప దించుకోలేదు. పాట సాగుతుండగా పొద్దు వాలింది. ఆమె గోడకి వేలాడుతున్న ఎర్ర దారం గరిటె తీసుకుని గోలెం దగ్గరికి వెళ్ళింది. దాని గంజి దానికి వేరే చిన్న కుండలో ఉంది, ఒక గరిటెడు పోసి, గరిటె తిరిగి దాని మేకుకే తగిలించి వచ్చి పాట వింటూ కూర్చుంది.